కర్మాగారాల్లో మరమ్మతు అభ్యర్థన

యంత్రం చెడినప్పుడు, లేదా చెడే సూచన కనిపించినప్పుడు దాన్ని నడిపేవారు మెయింటెనెన్స్ విభాగానికి రాసిచ్చే కాగితం మరమ్మతు అభ్యర్థన. ఏ యంత్రం, ఏ లోపం, ఎవరు ఎప్పుడు గమనించారు అన్నవి అందులో ఉంటాయి. ఫిట్టరును పిలిపించడం దాని పనుల్లో చిన్నది. మిగిలిపోయిన పనిని తర్వాతి షిఫ్టు కంటికి కనబడేలా ఉంచడమే పెద్దది. నంద్యాల జిల్లా డోన్ చుట్టుపక్కల స్టియటైట్, సున్నపురాయి వంటి ఖనిజాలను పొడిచేసే మిల్లులున్నాయి. ఇలాంటి మిల్లులో క్రషర్ ఆగితే కాగితం లేకున్నా అందరికీ తెలుస్తుంది. దుమ్ము పట్టే ఫిల్టర్ సంచి చిరిగితే మాత్రం ఉత్పత్తి ఆగదు, కాబట్టి ‘తర్వాత చూద్దాంలే’ అనే మాట ముందుగా దానికే తగులుతుంది. రాతిలో క్వార్ట్జ్ ఉంటే ఆ సన్నని ధూళి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. వచ్చాక దానికి నయం లేదు. ఆగిన టన్నులను బట్టే తొందరను లెక్కగట్టడం ఇందుకే తప్పు.

పదిమంది పనిచేసే చోట కేకేస్తే పోయేదానికి రాతకోతలెందుకని అడుగుతారు. కేకతోనే పని మొదలుపెట్టవచ్చు, అభ్యంతరం లేదు. కానీ కేక విన్నవాడు షిఫ్టు దిగి ఇంటికి పోతాడు. 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద, మరమ్మతు కోసం ఒక పంపు భద్రతా వాల్వును విప్పారు. ఆ సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు. వాళ్లు పంపు నడిపారు, వాయువు లీకై పేలింది, 167 మంది చనిపోయారు. అక్కడ పర్మిట్ కాగితాలు లేకపోలేదు. తెరిచి ఉన్న పని సంగతి షిఫ్టు మార్పిడిలో చేతులు మారలేదు. డోన్ జంక్షన్‌ను నడిపే భారతీయ రైల్వేలో దీనికి పాత కట్టుబాటు ఒకటుంది: సిగ్నల్ పరికరాన్ని విప్పే ముందు సిబ్బంది స్టేషన్ మాస్టరుకు డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి, బిగించి పరీక్షించాక రీకనెక్షన్ మెమో ఇవ్వాలి. మిల్లుకూ ఇదే వర్తించాలి. ఫిట్టరు ‘అయిపోయింది’ అన్నంత మాత్రాన అభ్యర్థన ముగియకూడదు; యంత్రం నడిపేవారు చూసి సంతకం పెట్టాకే ముగియాలి.

ప్రతివారూ ‘అర్జంటు’ అనే రాస్తారన్న ఆక్షేపణ బలమైనది. అందుకే నడిపేవారు లక్షణం మాత్రమే రాయాలి: ఏ శబ్దం, ఎక్కడ వేడి, ఎంత దుమ్ము. ఏ పని ముందన్న వరుసను ఉత్పత్తి, మెయింటెనెన్స్ విభాగాలవారు షిఫ్టు మొదట్లో కలిసి తేల్చాలి. వాయిదా వేసిన పనికి కారణమూ, వేసినవారి పేరూ ఆ కాగితం మీదే ఉండాలి.