కర్రసాముకి ఇద్దరు కావాలి

కువాలా సెలంగోర్ అంటే సెలంగోర్ నది సముద్రంలో కలిసే చోటు అని అర్థం. ఆ మొగ పక్కనే మలావతి కొండ, కొండ మీద సముద్రం వైపు తిరిగిన పాత ఫిరంగులు. 1784లో డచ్చివాళ్ళు ఇక్కడి కోటని పట్టుకున్నారు. సుల్తాన్ ఇబ్రహీం పహాంగ్ పారిపోయి, అక్కడి పాలకుడైన బెండహారా సాయం తెచ్చుకుని, మరుసటి ఏడాదే కోటని తిరిగి గెలుచుకున్నాడు. ఈ ఊరి యుద్ధాల గురించి ఎవరు చెప్పినా ఇక్కడే మొదలుపెడతారు. నాకు మాత్రం ఈ జిల్లాలో యుద్ధవిద్య చరిత్ర కోటలో కంటే తోటల్లోనే ఎక్కువ ఉందనిపిస్తుంది.

మలేషియాలో వ్యాపారానికి ఆయిల్ పామ్ వేసిన మొదటి తోట ఈ జిల్లాలోనే ఉంది. 1917లో హెన్రీ ఫోకొన్నియే అనే ఫ్రెంచి దొర దాన్ని వేయించాడు. తోట పేరు టెన్నమారం. తమిళంలో కొబ్బరిచెట్టు అని అర్థం. దొర ఫ్రెంచివాడు, నేల మలయ్‌లది, చెట్టు ఆఫ్రికాది, పేరు మాత్రం కూలీల భాషలోది. ఆ దొరే తర్వాత మలయా జీవితం మీద నవల రాసి 1930లో గోన్‌కూర్ బహుమతి అందుకున్నాడు.

ఆ కూలీల్లో ఎక్కువమంది తమిళులు. మనవాళ్ళూ వచ్చారు. విశాఖ, గోదావరి, చిత్తూరు వైపుల నుంచి వచ్చిన తెలుగువాళ్ళు పేరాక్‌లో బాగాన్ డాటో కొబ్బరి తోటల్లో ఎక్కువగా కుదురుకున్నారు, మిగతావాళ్ళు అక్కడా ఇక్కడా తమిళుల మధ్య కలిసిపోయారు. కంగాణీ అనే మేస్త్రీ తన ఊరికి వెళ్ళి, తెలిసినవాళ్ళని పోగుచేసి ఓడ ఎక్కించేవాడు. 1938లో భారత ప్రభుత్వం ఆపేదాకా ఈ పద్ధతి సాగింది. ఊళ్ళకి ఊళ్ళే కదిలాయి కాబట్టి ఊరి దేవతలూ వచ్చారు, ఊరి ఆటలూ వచ్చాయి. తమిళుల సిలంబం అలా వచ్చిందే. మన కర్రసాముకి అది దగ్గరి చుట్టం.

కూలీ చేతిలో కర్ర తిరునాళ్ళలో తిరిగినంత కాలం దొరలకి అదొక వేడుక. ఆ చేతులకి క్రమశిక్షణ వచ్చేసరికి లెక్క మారింది. 1941లో క్లాంగ్ చుట్టుపక్కల రబ్బరు తోటల్లో సమ్మె జరిగింది. కూలి పెంచమన్నారు, తోటల్లో కల్లు దుకాణాలు మూయమన్నారు. దొర ఎదురుపడితే సైకిల్ దిగి నిలబడాలనే పద్ధతి పోవాలన్నారు. ఆ చివరి కోరికలో డబ్బు ఊసే లేదు, ఒళ్ళు ఎలా నిలబడాలన్నదే దాని విషయం. సైన్యం వచ్చింది, కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. రెండేళ్ళు తిరిగేసరికి సుభాష్ చంద్రబోస్ సింగపూరు చేరాడు. ఇవే తోటల నుంచి మగవాళ్ళు ఆజాద్ హింద్ ఫౌజులోకి, ఆడపిల్లలు ఝాన్సీరాణి దళంలోకి వెళ్ళి కవాతు నేర్చుకున్నారు. యుద్ధం ముగిశాక ఉత్తరాన కెడా తోటల్లో ‘తొండర్ పడై’ పేరుతో యువకులు కర్రలతో కవాతు చేస్తూ కల్లు మాన్పించే ఉద్యమం నడిపారు. 1947లో పోలీసులు దాన్ని అణిచివేశారు.

నాకు ఈ చరిత్ర మీద ఆసక్తి పుస్తకాల వల్ల కలగలేదు. విజయనగరంలో చదువుకునే రోజుల్లో కర్రసాము నేర్చుకున్నాను. తర్వాత ఇరవై ఏళ్ళు కర్ర ముట్టలేదు. ఇక్కడి స్నేహితుడొకాయన పట్టుబట్టి మళ్ళీ మొదలుపెట్టించాడు. వాళ్ళ తాత ఈ జిల్లాలోనే రబ్బరు చెట్లకి గాట్లు పెట్టి పాలు తీసిన మనిషి, సిలంబం ఆయన దగ్గరి నుంచే వచ్చింది.

ఒంటరిగా తిప్పడం వారం రోజుల్లో తిరిగొచ్చింది. మణికట్టు మరిచిపోలేదు. ఎదురుగా ఆయన నిలబడ్డాక అసలు సంగతి తెలిసింది. కళ్ళు కర్ర కొసని వెంబడించేవి, చూడవలసింది ఎదుటివాడి భుజాన్ని. పాదాలు నేలకి అంటుకుపోయేవి. నా కర్ర ఎంత పొడవో నాకు తెలుసు, ఆయనకీ నాకూ మధ్య ఎంత దూరముందో మాత్రం తెలిసేది కాదు. ఆ దూరం ఏ వీడియో చూసినా రాదు. ఇంకో మనిషి రోజూ వచ్చి, సగం వేగంతో కొట్టి, తగలబోయే ముందు జానెడు దూరంలో ఆపితే వస్తుంది. ఆపగలడన్న నమ్మకం ఉంటేనే మనం అడుగు ముందుకు వేస్తాం. ఆయన ‘కాలడి’ అంటే నేను ‘అడుగు’ అంటాను, ఆయన ‘వీచ్చు’ అంటే నేను ‘విసురు’ అంటాను. మాటల్లో ఉన్న చుట్టరికం దెబ్బల్లోనూ కనిపిస్తుంది.

బలం గురించి మన జ్ఞాపకం వేరు. ఉత్తరాంధ్రలో ఎవరినడిగినా కోడి రామ్మూర్తి పేరు చెబుతారు. గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్నాడనీ, గొలుసులు తెంపాడనీ చెబుతారు. ఆయన గొప్పవాడే, అందులో సందేహం లేదు. కానీ అది ఒక్కడు చేసి వేలమంది చూసే బలం. గరిడీలో సాము అలాంటిది కాదు, అక్కడ ఎదుటివాడు లేకపోతే విద్యే లేదు. మలయ్‌ల సిలాట్‌ని యునెస్కో 2019లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. పెళ్ళిళ్ళలో కొట్టుకోకుండా ఆడే సిలాట్‌లో కూడా ఒకరికెదురుగా ఒకరు నిలబడాల్సిందే.

అందుకే తోటలు చెదిరిపోవడాన్ని నేను కూలిపనితో సరిపెట్టి చూడలేను. తోటలో ఇల్లు కంపెనీది. పని పోతే ఇల్లూ పోయేది. రబ్బరు పోయి ఆయిల్ పామ్ వచ్చింది, కొన్నిచోట్ల తోట పోయి ఇళ్ళ స్థలాలొచ్చాయి, పనికి వేరే దేశాలవాళ్ళు వచ్చారు. లైను ఇళ్ళలో గోడకి గోడగా బతికిన కుటుంబాలు తలా ఒక పట్నానికి వెళ్ళాయి. కర్ర వెంట తీసుకుపోవచ్చు. సాయంత్రం పని దిగాక పక్కింటి నుంచి వచ్చి ఎదుట నిలబడే మనిషిని తీసుకుపోలేం కదా. నా స్నేహితుడి తాత కూడా పట్నం వెళ్ళాక ఒంటరిగానే తిప్పేవాడట. మనవడి చేయి కర్రకి అందేదాకా ఆయనకి జోడీ దొరకలేదు.

ఒక విద్య పోయిందంటే గురువు పోయాడనుకుంటాం. అంతకంటే ముందు పోయేది జోడీ. పాత తోటల కథలు రాసుకుంటున్న మలేషియా తెలుగు, తమిళ కుటుంబాలకి నాదొక విన్నపం. తాతల పేర్లు రాసుకునేటప్పుడు, వాళ్ళు ఎవరితో కర్ర కలిపేవారో కూడా అడిగి రాసుకోండి.