చల్లగరిగ నుండి విజ్ఞాన్ భవన్ దాకా



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని మన కార్యవర్గం వారు అడిగారు. కాకతీయుల గురించి, కోటల గురించి రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. నేను పాటల చరిత్ర రాస్తానన్నాను. ప్రతి ఏటా ఢిల్లీలో జరిగే జాతీయ చలనచిత్ర పురస్కారాల ఉత్సవంలో పాటకూ సంగీతానికీ ఇచ్చే బహుమతుల జాబితా ఒకటుంది. ఉద్యోగ జీవితమంతా రిజిస్టర్లు తిరగేసిన అలవాటు కొద్దీ ఆ జాబితాను కూడా సర్వీసు రిజిస్టరు చూసినట్టే వరసగా చూశాను. అందులో మన పాత వరంగల్ జిల్లావారు తప్పక తెలుసుకోదగిన విషయం ఒకటి కనబడింది.

ముందుగా ఆ రికార్డు సంగతి చెబుతాను. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని మీద దిగింది. ఆ మరునాడే, ఆగస్టు 24న, 2021 సంవత్సరపు సినిమాలకు 69వ జాతీయ పురస్కారాలు ప్రకటించారు. అక్టోబరు 17న ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్‌లో రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపది ముర్ము గారు వాటిని అందజేశారు. ఉత్తమ నటుడి బహుమతి ఒక తెలుగు నటునికి, శ్రీ అల్లు అర్జున్‌కు, దక్కడం ఆ పురస్కారాల చరిత్రలో అదే మొదటిసారి. పత్రికలన్నీ దానినే పతాక శీర్షికగా వేశాయి. ఆ సందడిలో పాటల విభాగం కొంత వెనుకబడింది. నిజానికి అసలు విశేషం అక్కడే ఉన్నది.

సంగీతానికి సంబంధించి ఆ ఏడు ఇచ్చినవి ఐదు బహుమతులు. పాటల సంగీతానికి ‘పుష్ప’ చిత్రానికి గాను శ్రీ దేవిశ్రీ ప్రసాద్, నేపథ్య సంగీతానికి ‘ఆర్ఆర్ఆర్’కు గాను శ్రీ ఎం.ఎం. కీరవాణి, గాయకుడిగా అదే చిత్రంలోని పాటకు శ్రీ కాలభైరవ, గీత రచనకు ‘కొండపొలం’ చిత్రానికి గాను శ్రీ చంద్రబోస్. గాయనిగా శ్రీమతి శ్రేయా ఘోషాల్‌కు వచ్చిన బహుమతి ఒక్కటే తమిళ చిత్రానికి వెళ్ళింది. అంటే ఐదింట నాలుగు తెలుగు సినిమాలవే!

పాత జాబితా ఏమంటుంది?

1953 నాటి సినిమాలతో మొదలై 1954లో తొలిసారి బహుమతులు ఇచ్చినప్పుడు పాటకు ప్రత్యేకంగా ఏమీ లేదు. సంగీత దర్శకునికీ గాయకునికీ బహుమతులు 1967 సంవత్సరపు చిత్రాల నుండి వచ్చాయి. సంగీత దర్శకులలో మొట్టమొదటి విజేత కె.వి. మహదేవన్ గారు, గాయనులలో మొట్టమొదటి విజేత మన విజయనగరం బిడ్డ శ్రీమతి పి. సుశీల గారు. ఇద్దరికీ ఆ మొదటి బహుమతి తమిళ చిత్రాలకే వచ్చింది.

ఆ తరువాత తెలుగు పాటకు పండుగ రోజులు వచ్చాయి. 1979 సంవత్సరపు బహుమతులలో ‘శంకరాభరణం’ ఒక్కటే మూడు కొట్టింది. సంగీతానికి మహదేవన్, గానానికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం. 1982లో ‘మేఘసందేశం’ అదే పని చేసింది. సంగీతానికి రమేశ్ నాయుడు, గానానికి ఏసుదాస్, సుశీల. మరుసటి ఏడు, 1983లో, ‘సాగరసంగమం’కు ఇళయరాజా, బాలు గార్లు, ‘ఎం.ఎల్.ఏ. ఏడుకొండలు’కు మళ్ళీ సుశీల గారు. ఆ రోజుల్లో ఆఫీసుల్లో మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు విప్పే వేళకు ఈ పాటల మీద వాదోపవాదాలు జరగని రోజు లేదు. బాలు గారు గొప్పా, ఏసుదాస్ గారు గొప్పా అన్న పంచాయతీ డి.ఏ. బకాయిల పంచాయతీ కంటె ఎక్కువ వేడిగా నడిచేది.

అప్పటి జాబితాకూ 2021 జాబితాకూ ఒక తేడా ఉన్నది. అప్పటి విజయాలు ప్రధానంగా రాగానికీ గొంతుకూ వచ్చినవి. మాటకు, అంటే పాట రాసినవానికి, వచ్చిన బహుమతులు చాలా తక్కువ. తెలుగు గీత రచనకు వచ్చిన జాతీయ బహుమతులను వేళ్ళ మీద లెక్కించవచ్చు. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’కు శ్రీశ్రీ గారు, 1993లో ‘మాతృదేవోభవ’కు వేటూరి సుందరరామమూర్తి గారు, 2003లో ‘ఠాగూర్’కు శ్రీ సుద్దాల అశోక్ తేజ, 2021లో శ్రీ చంద్రబోస్, 2023లో ‘బలగం’కు శ్రీ కాసర్ల శ్యామ్. ఐదుగురు. ఒక చేతి వేళ్ళతో సరి.

ఇప్పుడు ఆ ఐదుగురి ఊర్లు చూడండి. చివరి ముగ్గురూ తెలంగాణ వారే. సుద్దాల గ్రామం మన జనగామకు ఆనుకొని ఉన్న గుండాల మండలంలోనిది. చంద్రబోస్ గారిది చిట్యాల మండలం చల్లగరిగ, నేటి భూపాలపల్లి జిల్లా. కాసర్ల శ్యామ్ గారిది హనుమకొండ. ఒక చిన్న ప్రాంతంలో నుండి దేశంలోకెల్లా ఉత్తమ గీత రచయితలు ముగ్గురు రావడం కాకతాళీయం కాదని నా అభిప్రాయం. దీనికి రెండు కారణాలు కనబడుతున్నాయి. ఒకటి రాత్రి ఆట. రెండవది ఊరి పుస్తకం.

రాత్రి ఆట

2016 అక్టోబరులో జిల్లాలు విభజించకముందు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే వరంగల్ జిల్లా. బదిలీ మీద ఏ మూలకు వెళ్ళినా సాయంత్రం దాటితే ఏదో ఒక చావడి దగ్గర డప్పో తాళమో వినిపించేది. ఒగ్గు కథ, చిందు భాగోతం, శారద కథ, గుడిలో భజన. వచ్చిన జనం దుప్పట్లు కప్పుకొని తెల్లవారేదాకా కూర్చునేవారు. అందులో సగం మంది అక్షరం రానివారు. కాని మాట తప్పితే, తాళం తప్పితే వెంటనే పట్టేవారు.

ఈ గడ్డకు ఇది కొత్తది కాదు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమనాథుడు పండితుల భాషను పక్కన పెట్టి జానుతెనుగులో, సామాన్యులు పాడుకొనే ద్విపదలో బసవపురాణం రాశాడు. అక్కడికి దగ్గరలోని బమ్మెర పోతన గారి పద్యాలు చదువు రాని ముసలమ్మల నోట కూడా పలికాయి. మన కాలానికి వస్తే, లింగాల ఘనపూర్ మండలం మాణిక్యాపురానికి చెందిన ఒగ్గు కథా కళాకారుడు చుక్క సత్తయ్య గారు అదే దారిలో నడిచారు. 2014 సంవత్సరపు సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయనకు వచ్చింది. 2017లో కన్నుమూశారు.

‘బలగం’ చిత్రం చూసినవారికి గుర్తుండే ఉంటుంది. చివర బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే హాలంతా కంటతడి పెట్టింది. ఊర్లలో తెరలు కట్టి ఆ సినిమా చూపించారు, విడిపోయిన అన్నదమ్ములు కలిసిన వార్తలు పత్రికల్లో వచ్చాయి. వారిది వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం. జాతీయ బహుమతుల జాబితాలో ఆ పేర్లు లేవు. మొగిలయ్య 2024 డిసెంబరులో చనిపోయారు. ఏ జాబితాకైనా హద్దు ఉంటుంది. ఆ హద్దుకు అవతల నిలిచినవారిని గుర్తుంచుకోవలసింది మనమే.

ఊరి పుస్తకం

మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరు దాశరథి కృష్ణమాచార్య గారి ఊరు. నిజామును ఎదిరించి జైలుకు వెళ్ళి, ఇందూరు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన మనిషి. 1961లో ‘ఇద్దరు మిత్రులు’, ‘వాగ్దానం’ చిత్రాలతో సినిమా పాటకు వచ్చి, ఉర్దూ గజల్ సొగసును తెలుగు పాటలోకి తెచ్చారు. 1974లో ‘తిమిరంతో సమరం’ కావ్యానికి ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. శ్రీశ్రీ గారికి సినిమా పాటకు జాతీయ బహుమతి వచ్చినది కూడా 1974 చిత్రానికే. పుస్తకంలోని కవి, సినిమాలోని కవి వేర్వేరు కాదని ఆ ఒక్క సంవత్సరమే చెబుతుంది.

చంద్రబోస్ గారి సంగతీ అంతే. తండ్రి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. కొడుకు ఇంజనీరింగు చదివాడు. 1995లో ‘తాజ్‌మహల్’ చిత్రంతో పాటల రచయిత అయ్యాడు. ఊరి గ్రంథాలయం, గుడి భజనలు, రాత్రి ఆటలు తనను కవిని చేశాయని ఆయన అనేకసార్లు చెప్పుకున్నారు. 2023 మార్చి 12న, మనకు 13వ తేదీ తెల్లవారిన తరువాత, అమెరికాలోని లాస్ ఏంజెలస్‌లో జరిగిన 95వ ఆస్కార్ ఉత్సవంలో ‘నాటు నాటు’ పాటకు కీరవాణి, చంద్రబోస్ గార్లు బహుమతి అందుకున్నారు. అంతకుముందు 2009లో ఆస్కార్ పొందిన రహమాన్, గుల్జార్ గార్ల పాట బ్రిటిష్ వారు తీసిన చిత్రంలోనిది. భారతీయ చిత్రంలోని పాటకు ఆస్కార్ రావడం ఇదే మొదలు. ఆ పాటలో ఉన్నవేమిటి? జాతర, పోతరాజు, మర్రిచెట్టు, జొన్నరొట్టె. అన్నీ చల్లగరిగలో కళ్ళారా చూసినవే. పాటలో నూటికి తొంభై పాళ్ళు ఒక్క పూటలోనే వచ్చిందని, మిగిలిన పది పాళ్ళకు ఏడాదిన్నర పైగా పట్టిందని కవి చెప్పారు.

అదే సంవత్సరం అక్టోబరులో విజ్ఞాన్ భవన్‌లో ఆయన అందుకున్న రజత కమలానికి తోడుగా ఇచ్చిన నగదు 50 వేల రూపాయలు. మనలో కొందరి నెల పింఛను పాటి! మరుసటి ఏడు నుండి దానిని 2 లక్షలు చేశారు. ఆ కవి మాత్రం తన ఊరికి అంతకంటె పెద్ద బహుమతి ఇచ్చారు. 2024లో చల్లగరిగలో ‘ఆస్కార్ గ్రంథాలయం’ పేరిట ఒక భవనం కట్టించి ఊరి పిల్లలకు అప్పగించారు. తనకు పుస్తకం ఇచ్చిన ఊరికి తిరిగి పుస్తకమే ఇచ్చారు.

ఎనిమిది పైసల లెక్క

పంచాయతీ, మున్సిపల్ కార్యాలయాల్లో పని చేసిన మిత్రులకు ఈ లెక్క కొత్తది కాదు. ఇంటి పన్ను డిమాండు రిజిస్టరులో గ్రంథాలయ పన్నుకు ఒక కాలమ్ ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు చెందాలి. స్థానిక సంస్థ వసూలు చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. నూరు రూపాయల ఇంటి పన్నుకు ఎనిమిది రూపాయలు. వసూలు చేసేటప్పుడు ఎవరికీ బరువనిపించదు. జమ చేసేటప్పుడే చేతులు ఆడవు. వసూలైన సొమ్ము ఇతర ఖర్చులకు మళ్ళి, గ్రంథాలయ సంస్థ బకాయి కోసం ఉత్తరం మీద ఉత్తరం రాయడం నా సర్వీసులో కళ్ళారా చూశాను. అటువంటి ఉత్తరాలు కొన్ని నా చేతి మీదుగానే ఫైలులోకి వెళ్ళాయి. అది ఏ కార్యాలయమన్నది ఇప్పుడు అనవసరం. ఆ ఎనిమిది పైసలు ఆగినచోట కొత్త పుస్తకం ఆగుతుంది, పత్రిక ఆగుతుంది, చివరకు తలుపుకు తాళం పడుతుంది.

గ్రంథాలయం విలువ ఈ ప్రాంతపు పెద్దలకు ఎప్పుడో తెలుసు. నిజాం పాలనలో తెలుగు చదువుకు చోటు లేని రోజుల్లోనే, 1904లో, హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం స్థాపించారు. అప్పుడు చట్టం లేదు, సుంకం లేదు. నలుగురు కూడి చందాలు వేసుకొని నడిపారు. ఇప్పుడు చట్టం ఉంది, సుంకం ఉంది. కావలసింది అడిగేవాడు.

జాతీయ బహుమతి ఒకరోజు ఉత్సవం. దాని వెనుక ముప్పై నలభై ఏళ్ళ ముందు ఒక పిల్లవాడు ఏదో బల్ల ముందు కూర్చుని పుస్తకం తెరిచిన రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు ఏ ప్రకటనలోనూ రాదు. అందుచేత మన సంఘ సభ్యులకు నాదొక మనవి. జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో ఉన్నవారు మీ సమీప శాఖా గ్రంథాలయానికి నెలకొకసారి వెళ్ళి రండి. తలుపు వేళకు తీస్తున్నారా, పత్రికలు వస్తున్నాయా, మీ పంచాయతీ గ్రంథాలయ పన్ను జమ చేస్తున్నదా అని అడగండి. అర్జీ ఎలా రాయాలో, ఏ అధికారికి పంపాలో, జవాబు రాకపోతే గుర్తుచేస్తూ మరో ఉత్తరం ఎప్పుడు వేయాలో మనకంటె బాగా తెలిసినవారెవరున్నారు? మన మనవళ్ళను మనవరాళ్ళను వెంట తీసుకుపోండి. ఇంట్లో ఊరికే పడి ఉన్న పుస్తకాలుంటే అక్కడ ఇచ్చి రశీదు పుచ్చుకోండి.

గీత రచనకు ఆరవ తెలుగు పేరు ఆ జాబితాలో ఎక్కే రోజు తప్పక వస్తుంది. ఆ పిల్లవాడో పిల్లో ఈ మూడు జిల్లాలలో ఎక్కడో ఇప్పుడు బడికి పోతూ ఉండవచ్చు. సాయంత్రం బడి వదిలాక వారు వెళ్ళేసరికి గ్రంథాలయం తలుపు తీసి ఉండాలి.