కాషాయం కట్టిన హెడ్మాస్టరు

1947 ఆగస్టు 15, తెల్లవారుజాము. మీరు కాళేశ్వరం దగ్గర గోదావరి గట్టున నిలబడి ఉన్నారు. మంథని నుంచి అడవి దారిన ఎడ్లబండి మీద కొంత, కాలినడకన కొంత వచ్చారు. వానకాలపు నది. ఎర్రటి నీళ్ళు ఒడ్డును కోసుకుంటూ పోతున్నాయి. ఆదిలాబాదు అంచున పారివచ్చిన ప్రాణహిత ఇక్కడే గోదారిలో కలుస్తుంది. అవతలి గట్టు సిరోంచ. నిన్న రాత్రి దాకా అది ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉన్న మధ్య పరగణాలు, చాందా జిల్లా. ఇవాళ స్వతంత్ర భారతదేశం.

మీరు నిలబడ్డ గట్టు మాత్రం నిజాం రాజ్యం. రెండు ఒడ్డులూ ఒకే నీళ్ళు తాగుతాయి. అటూ ఇటూ తెలుగే వినిపిస్తుంది, అటూ ఇటూ చుట్టాలున్నారు. అటు కల్దారు రూపాయి, ఇటు హాలీ సిక్కా. అటు మూడు రంగుల జెండా ఎత్తితే పండుగ, ఇటు ఎత్తితే జైలు.

సరిగ్గా ఈ వేళకే హైదరాబాదులో పోలీసులు ఒక మనిషిని అరెస్టు చేస్తున్నారు. బక్కపలచని సన్యాసి, ఒంటి మీద కాషాయం, అదీ ఖద్దరే. హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ అధ్యక్షుడు. తొమ్మిదేళ్ళ కింద ఆయన ఒక చిన్న పట్నంలో బడి నడిపేవారు. పేరు స్వామి రామానంద తీర్థ. ఈ పేరు చెబితే మంథని బడిపిల్లల్లో ఇవాళ ఎంతమంది తల ఊపుతారో ఆలోచిస్తే మనసు చివుక్కుమంటుంది. ఈ గట్టు అవతలి గట్టుతో కలిసిన కథలో ఆయన పాత్ర అంత పెద్దది.

గట్టు దిగి ఆయన వెనకాలే నడుద్దాం రండి. పదిహేడేళ్ళు వెనక్కి పోవాలి.

1930 జనవరి 14, సంక్రాంతి. ఉస్మానాబాదు జిల్లా హిప్పర్గా. నిజాం రాజ్యంలో మరాఠీ మాట్లాడే పల్లె. ఇక్కడొక జాతీయ పాఠశాల ఉంది. సర్కారు బడుల్లో పై చదువంతా ఉర్దూలోనే. పిల్లలకు ఇంట్లో మాట్లాడే భాషలో చదువు చెప్పడం, వాళ్ళ చేత రాట్నం తిప్పించడం, దేశం గురించి మాట్లాడడం ఇలాంటి బడుల్లోనే. ఆ బడి పెద్ద పంతులు వెంకటేశ్ ఖేడ్గీకర్ ఇవాళ సన్యాసం పుచ్చుకుంటున్నారు. వయసు ఇరవయ్యారు. ఈ రోజు నుంచి ఆయన రామానంద తీర్థ.

ఇల్లూ వాకిలీ వదిలిన సన్యాసి హిమాలయాలకు పోతాడని కదా అనుకుంటాం. ఈయన మర్నాడు బడికి పోయారు. నల్లబల్ల అదే, పిల్లలు వాళ్ళే. మారింది గుడ్డ రంగు ఒక్కటే. దీక్ష ఎందుకు తీసుకున్నారన్నది ఆయన వెనకటి బతుకు చెబుతుంది. 1920 ఆగస్టు 1న తిలక్ కన్నుమూసిన రోజున, పదహారేళ్ళ పిల్లవాడిగా, పెళ్ళి చేసుకోకుండా దేశం కోసమే బతుకుతానని ఒట్టు పెట్టుకున్నారు. గాంధీ పిలుపు విని సర్కారు బడి మానేశారు. జాతీయ విద్యాలయాల్లో చదువు పూర్తి చేసి, కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి దగ్గర పనికి కుదిరారు. అక్కడ తీవ్రంగా జబ్బుపడి, కోలుకుని, ఈ పల్లె బడికి వచ్చారు. జీతం కోసం వచ్చిన మనిషి కాదు.

అయిదేళ్ళు గడిచాయి. 1935లో ఆయన మోమినాబాదు చేరారు. మనం ఇప్పుడు అంబాజోగాయి అంటున్న ఊరు. యోగేశ్వరి విద్యాలయం బాధ్యత ఆయనదే. తోడు బాబాసాహెబ్ పరాంజపే.

అదే 1935లో మన కరీంనగర్ జిల్లాలో ఏం జరుగుతోందో కాస్త ఇటు తిరిగి చూడండి. సిరిసిల్లలో ఆంధ్రమహాసభ. మాడపాటి హనుమంతరావు అధ్యక్షులు. సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ తిర్పన్, అంటే 53వ నంబరు ఉత్తర్వు, నోరు తెరవకముందే నోటికి తాళం వేసేది. ఊళ్ళో చిన్న గ్రంథాలయం తెరిచినా పోలీసు అమీను సాబు ఆరా తీసేవాడు. ప్రైవేటు బడి పెట్టాలన్నా అనుమతే. మరాఠ్వాడాలోనైనా మంథనిలోనైనా నిజాం సర్కారు మొదట భయపడ్డది పలకా బలపానికి, పుస్తకానికి. చదువు చెప్పేవాడి మీద నిఘా పెట్టిన రాజ్యం ఆ చదువు చెప్పేవాణ్ణే తిరుగుబాటుదారుగా తయారు చేసుకుంది.

1938. స్టేట్ కాంగ్రెస్ పుట్టకముందే సర్కారు దాన్ని నిషేధించింది. స్వామీజీ బడి తాళాలు సహచరులకు అప్పగించి హైదరాబాదు బయలుదేరారు. ఆయన బండెక్కే క్షణాన పక్కన నిలబడి చూడండి. చేతిలో ఒక సంచీ. వెనక తొమ్మిదేళ్ళ బడిపని. వదిలిపెట్టడం తెలిసిన సన్యాసికి కూడా పిల్లల్ని వదిలిపోవడం తేలికై ఉండదు.

అక్టోబరు 24న ఆ నిషేధాన్ని ఎదిరిస్తూ సత్యాగ్రహం మొదలైంది. గోవిందరావు నానల్‌తో పాటు మొదటి జట్టులో మన రావి నారాయణరెడ్డి ఉన్నారు. పదేళ్ళ తర్వాత తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకుడైన ఆ రావి నారాయణరెడ్డే. ఆ వెంటనే స్వామీజీ జైలుకు పోయారు. కొద్ది వారాల్లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో వందేమాతరం మోగింది. పాడిన విద్యార్థుల్ని కాలేజీల నుంచి గెంటేశారు. హనుమకొండలో చదువుకుంటున్న, వంగర అనే ఊరి కుర్రాడొకడు కూడా అలాగే బయటపడ్డాడు. నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపు తెరిచి చేర్చుకుంది. అతని పేరు పాములపర్తి వేంకట నరసింహారావు. ఆ పేరు గుర్తుంచుకోండి, మంథనికి వచ్చేసరికి మళ్ళీ కావాలి.

డిసెంబరులో గాంధీ సలహా మీద సత్యాగ్రహం ఆగింది. స్వామీజీకి జైళ్ళు మాత్రం ఆగలేదు. 1940లో ఒకసారి, 1942లో మరోసారి. పేరు మార్చుకుంటే సంస్థను బతకనిస్తారేమోనని ఒక దశలో పేరు కూడా మార్చి చూశారు. సర్కారు దానికీ ఒప్పుకోలేదు. నిషేధం తొలగేసరికి 1946 జులై వచ్చింది. ఎనిమిదేళ్ళు ఒక సంస్థ బయటికి లేకుండానే బతికింది. జైలు బయట ఉన్న రోజుల్లో స్వామీజీ ఊరూరా తిరిగి, ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడి మనుషుల్ని పోగుచేశారు. బడి పంతులుకు వచ్చిన విద్య అది.

1947 జూన్ 16. ముషీరాబాదు మైదానం. ఇంగ్లీషువాళ్ళు పోగానే తాను స్వతంత్ర రాజునవుతానని నిజాం ఫర్మానా ఇచ్చి వారం కూడా కాలేదు. జనంలో తోసుకుంటూ ముందుకు రండి. వేదిక మీద కాషాయపు మనిషి నిలబడ్డారు. ఆయన అడిగినవి రెండే: హైదరాబాదు భారత యూనియన్‌లో చేరాలి, జనం ఎన్నుకున్న ప్రభుత్వం రావాలి. నిజాం కోటలో, నిజాం పోలీసుల ఎదుట, వేల మంది వింటుండగా ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో అక్కడ నిలబడితే తెలుస్తుంది. ఆగస్టు 7న రాజ్యమంతటా యూనియన్‌లో చేరాలనే దినం జరిపారు. ఎనిమిది రోజులకు తెల్లవారుజామున పోలీసులు ఆయన తలుపు తట్టారు. తోటి నాయకులు డాక్టర్ మేల్కోటే, కృష్ణమాచార్య జోషి కూడా ఆ రోజే జైలు దారి పట్టారు.

ఇక కథ మళ్ళీ మన నది దగ్గరికి వస్తుంది.

ఆ వానాకాలం, ఆ చలికాలం ఉత్తర తెలంగాణ ఊళ్ళలో పిల్లలు బడులు మానేశారు, వకీళ్ళు కోర్టులు మానేశారు. రాత్రిళ్ళు గొడ్డళ్ళ చప్పుడు. ఈత చెట్లు, తాటి చెట్లు కూలుతున్నాయి. కల్లు, సారా మీద వచ్చే ఆబ్కారీ పైసలు నిజాం ఖజానాకు ప్రాణం. ఆ ప్రాణం మీదే దెబ్బ. సర్కారుకు లెవీ ధాన్యం ఇవ్వబోమని రైతులు ఎదురు తిరుగుతున్నారు. పగటిపూట నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు దిగుతున్నారు. ఇళ్ళు కాలుతున్నాయి. పిల్లాజెల్లాతో జనం సరిహద్దు దాటి పోతున్నారు.

సరిహద్దు అవతల, ఈ రాజ్యాన్ని చుట్టి శిబిరాలు వెలిశాయి. మనకు దగ్గరిది చాందా. నాగపూర్‌లో చదువు ముగించి వచ్చిన ఆ వంగర కుర్రాడు, ఇరవయ్యారేళ్ళ పీవీ, ఈ శిబిరంలో ఉన్నాడు. టేకు అడవిలో, గుడారాల మధ్య, లాంతరు వెలుగులో కూర్చున్న వాళ్ళను చూడండి. విద్యార్థులు, రైతు బిడ్డలు, బడి పంతుళ్ళు. కొందరి చేతుల్లో తుపాకులున్నాయి. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. స్వామీజీ గాంధీని నమ్మిన మనిషి. అయినా ఊళ్ళ మీద పడి చంపుతున్నవాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడమని ఆయన ఎవరికీ చెప్పలేదు. 1948 జనవరి 30న, ఢిల్లీలో గాంధీ నేలకొరిగిన రోజునే, నాందేడ్ జిల్లా ఉమ్రీలో సరిహద్దు దళాలు బ్యాంకును కొల్లగొట్టాయి. ఆ డబ్బు ఉద్యమానికి పోయింది. అహింసను ప్రాణంగా చూసుకున్న సంస్థ ఎంత బరువైన దారిలో నడవాల్సి వచ్చిందో ఆ ఒక్క తేదీ చెబుతుంది.

కరీంనగర్ గడ్డ మీద పోరాడినవాళ్ళు ఒక్క కాంగ్రెస్ వాళ్ళే కాదు. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహమ్మదాపురం గుట్టల్లో అనభేరి ప్రభాకరరావు, ఆయన సహచరులు పోలీసు తూటాలకు ఒరిగిపోయారు. వాళ్ళది కమ్యూనిస్టు దారి. దారులు వేరైనా అందరూ ఎదిరించింది ఒకే రాజ్యాన్ని.

స్వామీజీ ఎక్కడున్నారు? 1947 నవంబరు చివర నిజాంకూ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒప్పందం కుదిరినప్పుడు ఆయన్ను విడుదల చేశారు. రెండు నెలలు గడవకముందే, 1948 జనవరి 26న మళ్ళీ పట్టుకుపోయారు. ఊళ్ళు మండుతున్న ఆ ఎనిమిది నెలలూ నాయకుడు గోడల మధ్యే ఉన్నాడు. అయినా ఉద్యమం చెదరలేదు. తాను లేకపోయినా తరగతి నడిచేలా తయారుచేసిన పంతులు పనితనం అది.

సెప్టెంబరు 13న భారత సైన్యం లోపలికి వచ్చింది. అయిదో రోజున, 17 సాయంత్రం, నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. అదే సాయంత్రం జైలు తలుపులు తెరుచుకున్నాయి. బయటికి వచ్చిన సన్యాసికి నలభై అయిదో ఏడు నడుస్తోంది. పదేళ్ళలో చాలా కాలం జైలులోనో నిర్బంధంలోనో గడిచింది. వీధుల నిండా జనం. ఆ జనంలో మీరూ ఉన్నారు.

తర్వాతి సంగతి చాలామందికి తెలియదు. హైదరాబాదులో మంత్రివర్గాలు ఏర్పడ్డాయి, స్వామీజీ మంత్రి కాలేదు. 1952లో గుల్బర్గా నుంచి, 1957లో ఔరంగాబాదు నుంచి లోక్‌సభకు వెళ్ళారు. జాగీర్లు పోవాలని, దున్నేవాడికి భూమి కావాలని పట్టుబట్టారు. తాను దశాబ్దాలు పోరాడి దేశంలో కలిపిన రాజ్యమే భాషల వారీగా విడిపోయి తెలుగు, మరాఠీ, కన్నడ జనాల్లో కలిసిపోవాలని వాదించారు. తమ భాషలో చదువుకునే హక్కు కోసం హిప్పర్గాలో బడి నడిపిన మనిషి వేరే ఏం కోరగలరు? కానీ ఆ కోరిక నెరవేరాక ఆయనకు తనదనే రాష్ట్రం ఒకటి మిగల్లేదు. మరాఠ్వాడా ఆయన్ను తనవాడనుకుంది. 1994లో నాందేడ్ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టుకుంది. మనం క్రమంగా మరిచిపోయాం.

1957కు రండి, మంథనికి రండి. బొక్కలవాగు దాటి ఊళ్ళోకి నడవండి. వేదం చదివే వీధులు, గోదావరి స్నానానికి పోయే దారి. శాసనసభ ఎన్నికల్లో నిలబడ్డది పీవీ. అయిదేళ్ళ కింద కరీంనగర్ లోక్‌సభ స్థానంలో కమ్యూనిస్టు నాయకుడు బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయిన మనిషి. మంథని ఆయన్ను గెలిపించింది. తర్వాత వరసగా మూడుసార్లు గెలిపించింది. ఇరవై ఏళ్ళు ఆయన మంథని ఎమ్మెల్యే. పీవీ స్వామీజీ బడిలో పలక పట్టినవాడు కాదు, ఉద్యమంలో ఆయన దగ్గర నేర్చుకున్నవాడు. ఆ మాట జీవితాంతం చెప్పుకున్నాడు. రజాకార్ల రోజుల మీద 1949లో కాకతీయ పత్రికలో ‘గొల్ల రామవ్వ’ కథ రాసిందీ ఈ పీవీనే.

మంథని ఎమ్మెల్యే 1971లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నవంబరులో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. పల్లె పిల్లలు, పేదింటి పిల్లలు ఒకచోట ఉండి, తిని, చదువుకునే బడి. రెండు నెలలకు, 1972 జనవరి 22న స్వామీజీ హైదరాబాదులో కన్నుమూశారు. ఆ ఏడే పీవీ భూపరిమితి చట్టాన్ని చేతికెత్తుకుని భూస్వాములకు కంటగింపయ్యారు, మరుసటి జనవరిలో పదవి పోగొట్టుకున్నారు. గురువు పట్టుబట్టిన చదువూ భూమీ రెండూ శిష్యుడి పనుల్లో కనిపిస్తాయి. బేగంపేటలో స్వామీజీ స్మారకం ఉంది, పోచంపల్లి దగ్గర ఆయన పేరున గ్రామీణ యువతకు పని నేర్పే సంస్థ ఉంది. అవి నిలబడింది కూడా పీవీ పూనికతోనే.

ప్రతి సెప్టెంబరు 17న మనం ఆ రోజును విమోచనం అనాలా, విలీనం అనాలా అని గొంతులు చించుకుంటాం. ఆ రోజు జైలు నుంచి బయటికి నడిచిన బడి పంతులు పేరు మాత్రం ఎత్తం. ఆయన ఆస్తి కూడబెట్టలేదు, వారసుల్ని నిలబెట్టలేదు, కులం పేరు చెప్పుకోలేదు. అందుకే ఆయన పేరు మోసే జట్టు లేదు. అలాంటివాళ్ళను గుర్తుపెట్టుకోవలసిన పూచీ ఎవరిది? బడిదే. మంథనిలో, చెన్నూరులో, సిరోంచలో పాఠం చెప్పే ప్రతి టీచరూ ఏడాదికి ఒక్క గంట ఈ హెడ్మాస్టరు కథకు ఇస్తే చాలు. భయం లేకుండా నిలబడడం బడిలో నేర్పగలిగిన పాఠమేనని ఆయన బతికి చూపించారు. ఆ పాఠం ఇవాళ్టి పిల్లలకు కూడా అవసరమే.