తెరంగేట్రం

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో సినిమా ఆఫీసులున్నాయి, నాట్య ప్రదర్శనలు జరిగే సత్యసాయి నిగమాగమమూ ఉంది. వేదికపై అమ్మాయి తొలిసారి గజ్జె కడితే అది అరంగేట్రం. పక్క వీధి ఆఫీసులో కథ ఓకే అయి కుర్రాడు హీరో అయితే తెరంగేట్రం.

అసలు మాట తమిళులది. అరంగు అంటే రంగస్థలం, ఏట్రం అంటే ఎక్కడం. ‘శిలప్పదికారం’లో మాధవి తొలి నాట్యం గురించిన భాగం పేరే ‘అరంగేట్రు కాదై’. కవి తన కావ్యాన్ని పండితసభలో మొదటిసారి వినిపించినా వాళ్లకు అరంగేట్రమే. మనకు రంగప్రవేశం ఉండనే ఉంది. అయినా సినిమా రాతగాళ్లు అరంగేట్రానికి తెరను అతికించారు. వ్యాకరణం తెలిసినవారు ముఖం చిట్లిస్తే చిట్లించనీ, హెడ్డింగుకు ఇంత పొందికైన మాట మరొకటి లేదు.

చిక్కల్లా ‘తొలి’ దగ్గరే. మహేశ్‌బాబు 1979లోనే ‘నీడ’లో బాలనటుడు. నూతన నటుడిగా నంది అందుకున్నది మాత్రం 1999 నాటి ‘రాజకుమారుడు’కు! చిరంజీవి ముందు నటించింది ‘పునాదిరాళ్లు’లో, ముందు విడుదలైంది 1978లో ‘ప్రాణం ఖరీదు’.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే తంతు. ఏటా ఉత్తమ మొదటి సంవత్సరం ఆటగాడికిచ్చే వేమన్ టిస్‌డేల్ అవార్డుకు హైస్కూలు ఆట లెక్కలోకి రాదు. బాస్కెట్‌బాల్ ఆటగాడైన టిస్‌డేల్ ఆ తర్వాత జాజ్ బేస్ గిటారిస్టుగానూ రాణించాడు, అంటే ఆయనవి రెండు అరంగేట్రాలు.

క్రికెట్ వార్తల్లో ‘టెస్టుల్లో అరంగేట్రం’ ఎప్పుడో స్థిరపడింది. తెరంగేట్రం మాత్రం ఎక్కువగా సినిమా పేజీలోనే కనిపిస్తుంది.