ఒక్క కొళాయికే వేడినీరు రాదెందుకు?

ఇంటిలో వంటగది కొళాయికి వేడినీరు చక్కగా వస్తున్నది. చేతులు కడుగుకొనే తొట్టి దగ్గరా వస్తున్నది. స్నానపు జల్లు క్రింద మాత్రం ఎంతసేపు నిలబడినా నులివెచ్చని నీరే. ఇటువంటప్పుడు చాలామంది మొట్టమొదట అనుమానించేది నీళ్లు కాచే యంత్రాన్ని. కాని అన్ని కొళాయిలకూ నీరు పంపే యంత్రమే చెడినట్లయితే ఏ కొళాయికీ వేడినీరు రాకూడదు గదా! కావున దోషం ఉమ్మడి భాగంలో లేదు. ఆ ఒక్క కొళాయికే చెందిన భాగంలో ఉన్నది. ఆ భాగంలో ఏమి అమర్చి ఉన్నదో, అది అక్కడికి ఎందుకు వచ్చి చేరినదో తెలుసుకొనడానికి కొంత చరిత్ర చూడాలి.

క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో రోమను వాస్తుశిల్పి విట్రూవియస్ స్నానశాలల నిర్మాణాన్ని వర్ణించాడు. కొలిమిపై మూడు కంచు పాత్రలను అమర్చేవారు. ఒకదానిలో వేడినీరు, రెండవదానిలో గోరువెచ్చని నీరు, మూడవదానిలో చన్నీరు. వేడి పాత్రలో ఎంత నీరు తరిగితే అంత గోరువెచ్చని నీరు అందులోకి వచ్చేది. ఆ లోటును చన్నీరు పూరించేది. మన తెలుగు ఇళ్లలో ఈ పనికి కాగు, చెంబు చాలేవి. “వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు” అనే సామెత అక్కడ పుట్టినదే. కాగులోని నీళ్లకు చన్నీళ్లు కలిపి, చేయి పెట్టి చూసి, ఆ తరువాతనే ఒంటిమీద పోసుకొనేవారు. అనగా ఉష్ణోగ్రతను అదుపుచేసే సాధనం స్నానం చేయించే వారి చేయి.

1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ అనే వ్యక్తి గ్యాసు మంటతో అప్పటికప్పుడు నీటిని కాచే పరికరాన్ని తయారుచేశాడు. ఐస్‌లాండులోని వేడినీటి ఊటల పేరు మీద దానిని “గీజర్” అన్నాడు. ఈనాడు మన ఇళ్లలో వినిపించే గీజరు అనే మాట ఆ విధంగా వచ్చినదే. పొగ బయటికి పోవడానికి గొట్టం లేనందున ఆ పరికరం అపాయకరమైనది. నార్వే నుండి అమెరికాకు వెళ్లి స్థిరపడిన ఇంజనీరు ఎడ్విన్ రూడ్ 1889లో నీటిని నిలువచేసి తనంతతానే కాచే యంత్రాన్ని రూపొందించాడు. దీనితో గొట్టాలలో వేడినీరు ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండసాగినది. కాని చేయి పెట్టి చూసే అలవాటుకు తావు తగ్గినది. మర త్రిప్పిన క్షణంలోనే నీరు ఒంటిమీద పడుతుంది.

అందులోని ప్రమాదమెంతో 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే అమెరికను శాస్త్రజ్ఞులు కొలిచి చూపారు. 44 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద చర్మం కాలడానికి సుమారు 6 గంటలు పడుతుంది. 60 డిగ్రీల వద్ద 5 సెకనులే చాలు! 16 డిగ్రీల తేడాకు గంటలు సెకనులైపోయినవి. పసిపిల్లల పలుచని చర్మానికి ఈ వ్యవధి ఇంకా తక్కువ.

1937లో ఆల్‌ఫ్రెడ్ మోయెన్ అనే అమెరికను విద్యార్థి, రెండు మరల కొళాయి నుండి మరిగే నీరు చేతిమీద పడగా, ఒకే పిడితో రెండు నీళ్లనూ కలిపే కొళాయి గురించి ఆలోచించాడు. అది 1947లో అమ్మకానికి వచ్చినది. లాండిస్ పెర్రీ రూపొందించిన, గుండ్రని బంతి గల మరొక రకం 1954లో మార్కెట్టులో ప్రవేశించినది. ఈ కొళాయిలలో వేడినీరు, చన్నీరు ఒకే చిన్న గదిలో కలుస్తాయి.

తరువాత ఆ గదిలో కాపలాదారులు చేరారు. ఒకటి, పీడనాన్ని సమానం చేసే ముషలకం. ఇంటిలో మరెక్కడో నీరు వాడినందున చన్నీటి పీడనం తగ్గితే, ఇది ప్రక్కకు జరిగి వేడినీటి దారిని కూడా ఇరుకు చేస్తుంది. రెండవది మైనపు గుళిక. మైనం కరిగేటప్పుడు వ్యాకోచిస్తుంది. ఆ వ్యాకోచంతో కవాటం కదిలి రెండు నీళ్ల పాళ్లను సరిచేస్తుంది. మూడవది, పిడి మరీ వేడి వైపునకు తిరగకుండా అడ్డుపడే చిన్న మెట్టు.

యంత్రంలోనే నీటిని తక్కువగా కాచితే సరిపోదా? అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 1983లో ఆ మార్గమే పట్టి, ఇళ్లలోని కొత్త యంత్రాలను సుమారు 49 డిగ్రీలకు అమర్చాలని చట్టం చేసినది. కాని దీనికి మరొక ప్రక్క కలదు. 1976 జూలైలో ఫిలడెల్ఫియా నగరంలో మాజీ సైనికుల సమావేశం తరువాత వింత న్యుమోనియా వ్యాపించి 34 మంది మరణించారు. 1977 జనవరిలో దానికి కారణమైన బాక్టీరియాను గుర్తించారు. అదే లీజియొనెల్లా. అది 20 నుండి 45 డిగ్రీల నీటిలో వృద్ధి చెందుతుంది. 60 డిగ్రీల వద్ద త్వరగా నశిస్తుంది. నిలువ నీరు వేడిగా ఉండాలి, ఒంటిమీద పడే నీరు చల్లబడి ఉండాలి. పెద్ద భవనాలలోనూ ఆసుపత్రులలోనూ ఈ రెండూ ఒకేసారి సాధించాలంటే కొళాయికి దగ్గరగా కలిపే కవాటం తప్పనిసరి.

ఇప్పుడు మొదటి చిక్కుకు వద్దాం. కొన్ని నిమిషాలు నీరు వదలి, ఆ కొళాయికి వచ్చే వేడినీటి గొట్టాన్ని జాగ్రత్తగా తాకి చూడాలి. గొట్టం చల్లగా ఉంటే వేడినీరు అక్కడికి చేరడమే లేదు. అడ్డుమర మూసి ఉన్నదేమో, గొట్టంలో గార పట్టినదేమో చూడాలి. గొట్టం వేడిగా ఉండి, బయటికి నులివెచ్చని నీరే వస్తే దోషం కవాటంలో ఉన్నది. పిడికి గల మెట్టును ముందుగా పరీక్షించాలి. చలికాలంలో చన్నీరు మరింత చల్లబడుతుంది గనుక వేసవిలో సరిపోయిన అమరిక అప్పుడు చాలదు. మెట్టు సరిగా ఉంటే ముషలకం బిగుసుకొన్నదని గాని, మైనపు గుళిక చెడినదని గాని అనుకోవచ్చు. మన ప్రాంతాలలో బోరునీరు వాడే ఇళ్లలో ఇది వింత కాదు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు గల కఠినజలం వేడెక్కినప్పుడు తెల్లని గార ఏర్పడి, సన్నని దారులను మూసివేస్తుంది. కవాటాన్ని విప్పి గార తొలగించాలి, లేదా కొత్తది వేయించాలి.

చేయకూడని పని ఒకటున్నది. నీరు చాలినంత వేడిగా లేదని యంత్రం వేడిని పెంచడం, లేక అడ్డుగా ఉన్న మెట్టునూ ముషలకాన్నీ తీసి పారవేయడం. అప్పుడు వేడినీరు వస్తుంది, నిజమే. కాని వృద్ధులకు గాని పసిబిడ్డకు గాని ఆ 5 సెకనులలో ప్రక్కకు తప్పుకొనే శక్తి ఉండదు. వేడినీటిని ఆపుతున్న ఆ చిన్న కవాటం, పూర్వం కాగు దగ్గర కూర్చున్న తల్లి చేయి చేసిన పనిని చేస్తున్నది. దానిని బాగుచేసుకోవాలే గాని తొలగించకూడదు.