ఎండ చాలని దీవులు

ఆంధ్రదేశమున రోహిణీకార్తె యెండలను తిట్టుకొనని వారుండరు. అయినను ఆ యెండలే మన గృహిణులకు ఏడాది పొడుగునకు సరిపడు నిలవ సామగ్రిని సమకూర్చి పెట్టుచున్నవి. మాగాయ ముక్కలు, మామిడి యొరుగులు, కాకర, వంకాయ, గోరుచిక్కుడు ఒరుగులు, బూడిదగుమ్మడి వడియములు, మజ్జిగలో నానిన చల్లమిరపకాయలు, ఇవన్నియు మేడమీద చాపలు పరచి, కాకులను తోలుటకు పిల్లలను కావలి యుంచి, నాలుగైదు దినములలో ముగించుకొను పనులు. గోదావరి తీరమున ఆత్రేయపురము వంటి గ్రామములలో మామిడిగుజ్జును చాపపై పలుచగా పూసి, ఎండిన పొరమీద మరల పొర పూసి తాండ్ర చేయుదురు. ఈ పనులకు వలసినవి మూడే: వరుసగా కొన్ని దినములు వానలేని యెండ, నీటిని పీల్చుకొనగల గాలి, ఓర్పు.

అండమాను దీవులకు తరలివచ్చిన తెలుగు కుటుంబములు ఓర్పును వెంట తెచ్చుకొన్నవి. తక్కిన రెంటికిని అచట కరవు వచ్చినది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టుబ్లెయిరునకు నైరృతి ఋతుపవనము మే మాసముననే వచ్చును. అది తొలగునంతలో ఈశాన్య ఋతుపవనము ప్రవేశించి డిసెంబరు వరకు నిలుచును. ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. అనంతపురమున కురియునది 550 మిల్లీమీటర్లకు అటునిటు. జనవరి మొదలు ఏప్రిలు వరకు ఆకాశము తెరపి యిచ్చినను, నలువైపుల సముద్రమే గనుక గాలిలోని చెమ్మ పూర్తిగా పోదు.

ఇందు మరియొక చిక్కు కలదు. తెలుగింటి ఒరుగులకు ఉప్పు ప్రాణము. అది కాయలోని నీటిని వెలికి లాగును, బూజు పట్టనీయదు. కాని గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు దాటినచో ఆ ఉప్పే గాలినుండి నీటిని పీల్చి కరుగ నారంభించును. దీవులలో ఏడాదిలో అధికభాగము తేమ ఆ గీతకు పైననే యుండును. పగలెల్ల ఎండి గలగలలాడిన చల్లమిరపకాయ రాత్రికి చెమర్చి మెత్తబడుట కిదియే కారణము. ఏ ఉప్పు రాయలసీమలో నిలవకు తోడ్పడునో, అదే ఇచట నిలవకు శత్రువగుచున్నది! తప్పు గృహిణిది కాదని అత్తవారి యిండ్లలో ఎందరికి తెలియునో చెప్పలేము.

2011 జనగణన ప్రకారము దీవుల జనాభాలో నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి వచ్చి జంగ్లీఘాటు ప్రాంతమున స్థిరపడిన జాలరులు మొదలుకొని, బదిలీపై వచ్చిన గుమాస్తాల వరకు, స్వగ్రామమునుండి వచ్చు వారి మూటలలో ఒరుగులకొరకు వెదకని వారరుదు. దానిని కేవలము జిహ్వచాపల్యమని కొట్టివేయరాదు. బియ్యము, పప్పు, ఉల్లి ఓడపై రావలసిన చోట, తుపానులో ఓడ ఆగిన వారమున డబ్బాలో మిగిలిన ఒరుగే కూర.

ఎండ చాలనిచోట ఎండబెట్టుట యెట్లు? ఈ ప్రశ్నకు నికోబారు వాసులు మనకంటె ముందే సమాధానము కనుగొనిరి. వారి జీవితము కొబ్బరి చెట్టుతో పెనవేసికొనినది. 7వ శతాబ్దమున భారతదేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు ఇత్సింగు తన ఓడ ఒక దీవి దాపునకు వచ్చినంతనే జనులు చిన్న పడవలలో కొబ్బరికాయలు, అరటిపండ్లు తెచ్చి యినుమునకై బేరమాడిరనియు, రెండు వ్రేళ్ళంత యినుపముక్కకు అయిదు పది కాయలిచ్చిరనియు వ్రాసెను. ఆ దీవి నికోబారులలోనిదే యని చరిత్రకారులు తలంచుచున్నారు. తరువాతి శతాబ్దములలో బర్మా, మలయా, చీనా, భారత నావికులు బియ్యము, గుడ్డ, కత్తులు ఇచ్చి కాయలు కొనిపోవుచుండిరి. క్రమముగా కాయకు బదులు ఎండుకొబ్బరి సరకయ్యెను. ఒక టన్ను ఎండుకొబ్బరికి సుమారు 6,000 కాయలు పట్టును. పీచును, చిప్పను, నీటిని తీసివేసిన పిదప ఓడకు ఎంత బరువు తగ్గునో ఊహింపవచ్చును.

పచ్చి కొబ్బరిలో సగము నీరే. దానిని నూటికి 6 పాళ్ళకు దించిననే నిలువ యుండును. మంచి యెండలో అది వారము దినముల పని. నడుమ ఒక్క వాన పడెనా, ముక్క జిగటయై బూజు పట్టును. అట్టి బూజులో కాలేయమునకు హానిచేయు విషము పుట్టునని నేటి శాస్త్రము నిరూపించినది. కావున నికోబారు కుటుంబములు ఎండను నమ్ముకొనలేదు. పాకలో ఎత్తున కఱ్ఱలతో అటక కట్టి, దానిపై కొబ్బరిచెక్కలు పరచి, క్రింద పొయ్యి రగిల్చి ఆరబెట్టిరి. ఆ పద్ధతికి లోపములు లేకపోలేదు. పొగ సోకిన చెక్క నల్లబడి ధర తగ్గును, వంటచెఱకునకై అడవి తరుగును. అయినను వాన కురియుచున్న వేళ కూడ సాగు పని యది. ఆ సరకును అమ్మియే వారు బియ్యము, చక్కెర, వస్త్రములు కొనుక్కొనెడివారు. అటకపై చెక్క చెడినచో ఆ నెల యింటిలో బియ్యము లేనట్లే.

పొయ్యి చేయు మేలు ముక్కను కాల్చుట కాదు, గాలిని మార్చుట. 30 డిగ్రీల వేడిలో నూటికి 80 పాళ్ళ తేమతో బరువెక్కిన గాలిని 60 డిగ్రీలకు వేడిచేసినచో, అందలి నీరు తగ్గకున్నను, దాని తేమపాలు 17కు దిగును. అంతవరకు నీటిని త్రోసివేసిన గాలి అప్పుడు దాహముగొన్నదై ముక్కనుండి నీటిని పీల్చుకొనును. నికోబారు అటక రహస్యమింతయే.

నికోబారులలో కొబ్బరి వనములు అనాదిగా నుండగా, కూతవేటు దూరమున నున్న అండమాను దీవులలో మాత్రము ఆ చెట్టు దాదాపు లేకుండుట విచిత్రము. 1858లో శిక్షాస్థావరము ఏర్పడిన పిదపనే, ఖైదీల చేతులమీదుగా అచట కొబ్బరితోటలు పెరిగినవి. ఆ తోటల ఫలము మరల ఖైదీల మెడకే చుట్టుకొనినది. 1906లో పూర్తియైన సెల్యులర్ జైలులో మనిషిని గానుగకు కట్టి, దినమునకు 30 పౌనుల కొబ్బరినూనె తీయవలెనని విధించిరి. ఆవనూనెయైన 10 పౌనులు. ఎద్దు కూడ అలసిపోవు పని యది. మన ప్రాంతమువారును ఆ దీవులకు ద్వీపాంతరమేగిరి. 1857లో హైదరాబాదు రెసిడెన్సీపై దాడి నడపిన మౌల్వీ అల్లావుద్దీను అచటనే కన్నుమూసెను. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అచట శిక్ష ననుభవించి, తిరిగివచ్చి, 1952లో లోకసభకు ఎన్నికయ్యెను.

నిలవ ఆహారము లేని దీవి గతి యెట్టిదో రెండవ ప్రపంచయుద్ధము చూపినది. 1942 మార్చి 23న జపాను సేనలు పోర్టుబ్లెయిరును పట్టుకొన్నవి. ఓడల రాకపోకలు తెగెను. ఆకలి యేటికేడు ముదిరినది. 1945 ఆగస్టులో, లొంగుబాటునకు కొద్ది దినముల ముందు, పంట పండించుకొనుడని చెప్పి వందలకొలది జనులను నేడు స్వరాజ్ ద్వీపమనబడు హావ్‌లాక్ దగ్గర సముద్రములోనికి దింపిరి. బ్రతికి వచ్చినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారు.

తక్కిన ప్రపంచమున ఎండబెట్టు యంత్రముల చరిత్రయు యుద్ధములతోనే ముడిపడి యున్నది. 1795లో ఫ్రాన్సులో కూరగాయలను వేడిగాలి గదిలో ఆరబెట్టు పద్ధతి వెలసెను. రెండు ప్రపంచయుద్ధములలోను సైనికులకు ఎండిన కూరలు రాసులుగా తయారైనవి. మన దేశమున 1950లో మైసూరున స్థాపితమైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము ఇట్టి పనులను శాస్త్రీయముగా చేపట్టినది. పిదప వంటింటి బల్లపై నిలుచు విద్యుత్ పెట్టె, అనగా డీహైడ్రేటరు, వచ్చినది. అడుగున వేడితీగ, చిన్న పంకా, పైన జల్లెడ వంటి పళ్ళెరములు, అంతకు మించి అందు వింత యేమియు లేదు. కాయలను సమమైన ముక్కలుగా కోసి, కూరలైనచో ఒక్క పొంగు ఉడికించి, 55 లేక 60 డిగ్రీల వద్ద ఉంచిన చాలును. వేడి మరీ హెచ్చినచో పైపొర గట్టిపడి లోని నీరు లోననే చిక్కుకొనును. ఎండినవానిని చల్లారినవెంటనే గాలి చొరని సీసాలో బిగింపవలెను. దీవులలో ఈ కడపటి మాట మరచినచో పడిన శ్రమయంతయు ఒక్క రాత్రిలో వ్యర్థము.

పెట్టె కొన్నవారు ఇది నూతన విద్య యనుకొందురు. నికోబారు ముదుసలి చూచినచో తన అటకయే యనును. భేదమెల్ల ఇంధనముననే. 500 వాట్ల పెట్టె పది గంటలు నడచిన 5 యూనిట్ల విద్యుత్తు కావలెను. దీవులలో విద్యుత్తు చాలవరకు డీజిలుతో పుట్టును, ఆ డీజిలును ఓడయే తేవలెను. ఓడ రాని దినములకై దాచుకొను ఒరుగు కూడ ఓడమీదనే ఆధారపడినదన్న మాట. అటక క్రింది నిప్పునకు పెరటిలోని పీచు, చిప్ప చాలును.

2004 డిసెంబరు 26 ఉదయమున వచ్చిన సునామీ నికోబారు తీరపు తోటలను తుడిచిపెట్టినది. గ్రేట్ నికోబారు దక్షిణపు కొన యగు ఇందిరా పాయింటు వద్ద నేలయే నాలుగు మీటర్లకు పైగా క్రుంగినది. అటకలు, పాకలు, కాయలు, కాయలకు వారసులు కూడ నీటిపాలైరి. ఎండుకొబ్బరి వ్యాపారము ఒక్క పూటలో కూలినది. నాటిన మొలక కాపు పట్టుటకు ఆరేడేండ్లు పట్టును గనుక, అంతవరకు ఆ జనులు సహాయధనముపైనను, ఓడ తెచ్చు బియ్యముపైనను బ్రతుకవలసివచ్చెను. ప్రభుత్వము ఇనుప చట్రములతో, రేకుల కప్పులతో క్రొత్త యిండ్లు కట్టించి యిచ్చినది. పెక్కు కుటుంబములు ఆ యిండ్ల ప్రక్కనే తమ పూర్వపద్ధతిని కఱ్ఱలతో వంటపాకలు వేసికొన్నవి.