టామ్ సాయరు: పిల్లల గదినుండి తొలగింపబడిన పుస్తకము

హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము 1904వ సంవత్సరమున వెలసినది. ఆ మరుసటి యేట, సముద్రముల కావల న్యూయార్కు నగరమునందలి బ్రూక్లిన్ గ్రంథాలయములో నొక వివాదము పుట్టెను. పిల్లల గదిలో రెండు నవల లుండరాదని అచటి అధికారులు తలచిరి. రెండును మార్కు ట్వేను వ్రాసినవే. ఒకటి ‘టామ్ సాయరు’, రెండవది ‘హకుల్ బెరీ ఫిన్’. వానిలోని బాలురు అబద్ధము లాడుదురు, బడి యెగవేయుదురు. అట్టివారి కథలు చదివినచో పిల్లలు చెడుదురని వారి భయము.

ఈ నిర్ణయము రుచింపక, ఆసా డాన్ డికిన్సన్ అను గ్రంథపాలకుడు స్వయముగా రచయితకు జాబు వ్రాసెను. ట్వేను ప్రత్యుత్తరము విచిత్రముగా నున్నది. తానా పుస్తకములను పెద్దలకొఱకే వ్రాసితిననియు, పిల్లలకు వానిని చదువ నిచ్చుచున్నారని తెలిసినపుడెల్ల తనకు వ్యథ కలుగుననియు ఆయన సెలవిచ్చెను. 1876లో వెలువడిన ‘టామ్ సాయరు’ పీఠికలో మాత్రము, ఇది ముఖ్యముగా బాలబాలికల వినోదమునకే యని ఆయనయే వ్రాసియున్నాడు. కథలో టామ్ తన కప్పగించిన కంచెకు సున్నము వేయుపనిని తోడి పిల్లలచేత చేయించి, పైగా వారియొద్దనే కానుకలు గ్రహించును. ట్వేను జాబును నిజమని నమ్మువారు ఆ పిల్లల వంటివారే.

ఇంతకు ఆ నవలలో నున్న దోషమేమి? మిసిసిపీ నదీతీరమున నొక చిన్న ఊరు. రచయిత పెరిగిన హానిబల్ గ్రామమే దానికి మాతృక. ఆ ఊరికి బెక్కీ థాచర్ అను బాలిక క్రొత్తగా వచ్చును. రెండు జడలు, నీలి కన్నులు. టామ్ చూచినంతనే, అంతవరకు తన మనస్సు నేలుచున్న ఆమీ లారెన్సును మరచిపోవును. బెక్కీ ఇంటి ముందర పిల్లిమొగ్గలు వేయును. ఆమె కంచెమీదుగా విసరిన పువ్వును, ఎవరైన చూతురేమోయని, కాలివ్రేళ్లతో పట్టి తీసికొనిపోవును. బాల్యమున నిట్టి వెఱ్ఱి యెఱుగనివా రరుదు. ఒప్పుకొనువారు మఱియు నరుదు.

ఒకనాడు టామ్ బడికి ఆలస్యముగా వచ్చును. ఉపాధ్యాయుడు కారణ మడుగును. అబద్ధము నాలుక చివర సిద్ధముగానే యున్నది. అంతలో, బాలికల వైపున బెక్కీ ప్రక్కనే ఖాళీస్థలము కంటబడును. వెంటనే టామ్ నిజము చెప్పివేయును: హకుల్ బెరీ ఫిన్‌తో మాటలాడుచు నిలిచితినని. ఊరిలో ఎవరును పిల్లలను చేరనీయని త్రాగుబోతు కొడుకు హక్. దెబ్బలు పడినవి, శిక్షగా బాలికలలో కూర్చుండు మనిరి. టామ్ కోరినదియు నదియే. సత్యమును స్వలాభమునకు వాడుకొనుట యెట్లో యింత ముచ్చటగా చూపిన ఘట్టము బాలసాహిత్యమున నరుదు.

తరువాత పుస్తకము చింపిన ఘట్టము. ఉపాధ్యాయుడు తన బల్ల సొరుగులో శరీరశాస్త్ర గ్రంథ మొకటి దాచి, తాళము వేసికొని, ఒంటరిగా చదువుచుండును. ఒకనాడు తాళపుచెవి మరచిపోగా, బెక్కీ దొంగచాటుగా దానిని తెరచును. టామ్ నీడ పడినంతనే ఉలికిపడి పుట చింపివేయును. పిమ్మట ఉపాధ్యాయుడు ఒక్కొక్కరినే ప్రశ్నించుచు బెక్కీ వద్దకు వచ్చునప్పటికి, ఆమె ముఖము పాలిపోవును. టామ్ లేచి, చింపినవాడను నేనే యని కేకవేసి, ఆమెకు పడవలసిన దెబ్బలు తాను తినును. ఇదే బాలుడు, హంతకుని పగకు వణకుచునే, న్యాయస్థానమున నిలిచి నిజము చెప్పి, నిరపరాధి యగు మఫ్ పాటరును ఉరికంబమునుండి కాపాడును. ఆ అబద్ధమునకును ఈ నిజమునకును ఒక పోలిక కలదు: రెంటికిని మూల్యము టామ్ చెల్లించెను. ఆ హంతకుడైన స్థానిక జాతివానిని చిత్రించిన తీరు మాత్రము నేటి పాఠకులకు రుచింపదు.

ఓరుగల్లు ప్రాంతమునకు ఈ చర్చ క్రొత్తదికాదు. బమ్మెర పోతన భాగవతములో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి బోధించిన దేమి? స్త్రీల విషయమునను, పెండ్లి విషయమునను, ప్రాణమునకును ధనమునకును గౌరవమునకును హాని కలుగునపుడును బొంకవచ్చుననియే గదా! బలి ఆ వెసులుబాటును కాదని సర్వమును కోల్పోయెను. ఆవు–పులి కథయు, హరిశ్చంద్రుని కథయు వినుచు పెరిగిన తెలుగు పిల్లలకు టామ్ అబద్ధము తప్పక తికమక కలిగించును. బలి తనకై అనృతమును నిరాకరించెను. టామ్ వేరొకరికై దాని నాశ్రయించెను. ఈ భేదమును పదేండ్ల పిల్లలు గుర్తింపలేరని పెద్ద లెందుకు తలపవలెనో తెలియదు.

టామ్ తెలుగునేలకు వచ్చుటకు డెబ్బదియేండ్లకు పైగా పట్టినది. నిజాము పాలనలో ఉర్దూయే బోధనభాషగా నున్న దినములలో, తెలుగు పుస్తకము దొరకుటయే తెలంగాణమున భాగ్యము. అట్టియెడ గ్రంథాలయములు మొదట భాషను, చరిత్రను, విజ్ఞానమును కూర్చుకొనుట సహజమే. 1945లో ‘బాల’, 1947లో ‘చందమామ’ పత్రికలు మదరాసునుండి వెలువడి పిల్లలకు చదువు రుచి నేర్పినవి. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసిన పిదప తెలుగు చదువులకు దారి యేర్పడినది. 1950ల దశకమున నండూరి రామమోహనరావుగారు మార్కు ట్వేను నవలలను తెలుగు చేయగా, అవి ఆంధ్ర వారపత్రిక మూలమున ఇంటింటికి చేరినవి. 1927లో కృష్ణాజిల్లా విస్సన్నపేటలో జన్మించిన ఆయన, తదుపరి కాలమున ఆంధ్రజ్యోతి సంపాదకులై, విశ్వమును గూర్చి ‘విశ్వరూపము’, మానవ పరిణామమును గూర్చి ‘నరావతారము’ రచించి, 2011లో కీర్తిశేషులైరి.

బ్రూక్లిన్ అధికారులు టామ్ అబద్ధములను లెక్కించిరి గాని, ఆ సొరుగును చూచినట్లు లేదు. బెక్కీ చింపిన గ్రంథము పిల్లలకు కూడదని పెద్దవాడొకడు తాళము వేసి దాచినది. అదియే బల్లమీద బహిరంగముగా నుండినచో, ఆమె దొంగచాటుగా తెరచియుండదు, బెదరి చింపియుండదు. ఆ దినమున టామ్‌కు అబద్ధమాడు పనియే పడియుండదు.